ఎనిమిది శాతం తక్కువ

మున్నేరు వాగు పొంగి ఖమ్మంలోకి వచ్చి జనాన్ని డాబాల మీదికి ఎక్కించిన ఏడు అది. వరద తీసి ఆరో నెల నడుస్తోంది. ఆ సోమవారం పొద్దున జూలూరుపాడులో పిచ్చయ్య పెట్టుకున్న పని చిన్నదే. ఆరు గంటల బస్సుకు ఖమ్మం పోవాలి. కూతురు భవాని పక్కన ఆసుపత్రి బల్ల మీద కూర్చోవాలి. రెండు గంటల బస్సుకు తిరిగొచ్చి కల్లంలో మిరపకాయలు తిరగెయ్యాలి. ఇందులో మాట్లాడే పని ఎక్కడా లేదు. అందుకే ఒప్పుకున్నాడు.

పిచ్చయ్య కొత్తగూడెం బొగ్గు బావిలో ముప్పై నాలుగేళ్లు పనిచేసి రిటైరైన మనిషి. ఇంట్లోనైనా బావిలోనైనా ఆయన ఎక్కువగా వాడిన మాట "ఊ". దాంతో ఆయనకు గుట్టు గల మనిషని పేరొచ్చింది. నిజానికి అది గుట్టు కాదు, బద్ధకం. మాటలు వెతుక్కోవడం ఆయనకు బొగ్గు ఎత్తడం కన్నా కష్టం. కానీ మంచి పేరు వచ్చాక కాదనడానికి కూడా మాట్లాడాలి కదా అని ఊరుకున్నాడు.

ఆ పేరును నమ్మే భవాని ఆయన్ని పిలిచింది. ఆమెకు ముప్పై మూడేళ్లు. పెళ్ళై తొమ్మిదేళ్లయినా పిల్లలు లేరు. ఖమ్మంలో ఐవీఎఫ్ చేయించుకుంటోంది. రెండుసార్లు నిలవలేదు. ఫ్రీజర్‌లో దాచిన పిండాల్లో ఇక మిగిలింది ఒక్కటే. గురువారం దాన్ని గర్భసంచిలోకి ఎక్కిస్తారు. అల్లుడు హరిప్రసాద్ జూనియర్ కాలేజీలో లెక్చరర్. సోమవారం అతనికి ప్రాక్టికల్స్ పడ్డాయి.

"నాన్నా, ఎవరికీ చెప్పకు," అంది భవాని బల్ల మీద కూర్చున్నాక. "అమ్మకు అసలే చెప్పకు. అందరు నా కడుపు దిక్కు చూసుడు నా వల్ల గాదు. ఈసారి గూడ పోతే నేనొక్కదాన్నే ఏడుస్త. ఊరంత పరామర్శకు రావద్దు."

"ఊ."

"ఒట్టు?"

"ఊ."

డాక్టర్ అరుణశ్రీ లోపలికి పిలిచి, స్కానింగు చూసి, అంతా బాగుందని చెప్పింది. "నీ వయసుకు నూటికి నలభై వరకు అవకాశం ఉంటుందమ్మా," అంది. భవాని తలూపింది. పిచ్చయ్య మాత్రం ఆ నలభై దగ్గరే ఆగిపోయాడు. బావిలో ఉత్పత్తి నలభై శాతానికి పడిందంటే ఆ నెలాఖరుకు మేనేజరు ఆ ఊళ్ళో ఉండేవాడు కాదు.

భవాని రక్తం ఇవ్వడానికి పోతూ ఫైలు తండ్రి ఒళ్ళో పెట్టింది. అందులోంచి ఒక రంగుల కాగితం జారిపడింది. పిచ్చయ్య దాన్ని తీసి, అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాడు. ఐవీఎఫ్‌తో పాటు ఇవి కూడా వాడి విజయాన్ని పెంచుకోండి అని ఉంది. కింద నాలుగు వరుసలు. డి విటమిన్ – పన్నెండు శాతం పెరుగుదల. ఆక్యుపంక్చర్ సూదుల వైద్యం – పదిహేను. గుడ్డుకు బలమిచ్చే మాత్రలు – తొమ్మిది. మూలికల పొడి – పదహారు. నాలుగింటి పక్కనా పెన్నుతో టిక్కులు ఉన్నాయి. టిక్కు ఉందంటే డాక్టరమ్మ ఇవన్నీ నడిపిస్తున్నట్టే అనుకున్నాడు.

పిచ్చయ్య చదువు మూడో తరగతితో ఆగింది. అప్పటికి కూడికలు అయ్యాయి. శాతాలు పై తరగతుల్లో వస్తాయట. ఆ వేళకు ఆయన గొడ్ల వెంట ఉన్నాడు. అయినా శాతమంటే ఆయనకు కొత్తేం కాదు. బావి గేటు దగ్గర నల్లబోర్డు మీద రోజూ చూసిందే. ఈ నెల ఉత్పత్తి నూట ఏడు శాతం అని రాసిన రోజు లడ్డూలు పంచేవారు. కాబట్టి శాతం నూరు దాటుతుందని, దాటితే మంచిదని ఆయనకు అనుభవం మీద తెలుసు.

వేళ్ళ మీద కలిపాడు. నలభైకి పన్నెండు, పైన పదిహేను, తొమ్మిది, పదహారు. తొంభై రెండు వచ్చింది. ఎందుకైనా మంచిదని కాగితం అంచున పెన్సిలుతో కింది నుంచి పైకి కూడా కలిపాడు. అప్పుడూ తొంభై రెండే.

ఎనిమిది తక్కువ.

కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆ ఎనిమిది ఎక్కడి నుంచి తేవాలో తెలియక, రెండు గంటల బస్సు ఎక్కేవరకు భోజనం సంగతి కూడా మరిచిపోయాడు. బస్సులో పక్క సీటు గోపాలుది. ఇద్దరూ ఒకే గ్యాంగులో బొగ్గు నింపినవాళ్ళు.

"ఏంది పిచ్చన్నా, మొఖం గట్ల బెట్టినవ్?" అన్నాడు గోపాలు.

"ఎనిమిది తక్కువైంది."

గోపాలు అదిరిపడ్డాడు. పిచ్చయ్య తనంతట తాను రెండు మాటలు అనడం అతను బావి కప్పు కూలిన రోజు తప్ప వినలేదు. "ఏందుల తక్కువైంది?" అని మెల్లగా కదిలించాడు. పిచ్చయ్య తల్లాడ దాకా బిగపట్టుకున్నాడు. ఏన్కూరు వచ్చేసరికి భవాని సంగతి, ఆఖరి పిండం సంగతి, నలభై, తొంభై రెండు – అన్నీ చెప్పేశాడు. ఆ ఏటికి సరిపడా మాటలు ఆ ఒక్క బస్సులోనే అయిపోయాయి.

గోపాలు కాగితం తీసుకుని తాను కూడా కలిపి చూశాడు.

"లెక్క కరెక్టుగనే జేసినవ్. తొంభై రెండు కాడ షిఫ్టు ఆపిన బాయి యాడన్న ఉందా? తక్కువైతే మనమేం జేస్తుంటిమి?"

"పక్క గ్యాంగును దించుతుంటిమి."

"మరి? నువ్వు గాక మన గ్యాంగుల ఎనిమిది మందిమి బతికున్నం. ఒక్కొక్కలు ఒక్క శాతం తెస్తే అయిపాయె."

ముప్పై నాలుగేళ్ల అనుభవంలో ఇంత సులువైన లెక్క పిచ్చయ్యకు తగల్లేదు. గుండె మీది బరువు దిగిపోయింది. దిగే ముందు గోపాలు భుజం పట్టుకుని, "ఎవరికీ చెప్పకు," అన్నాడు.

"నేనెందుకు జెప్త. ఆ ఏడుగురికి తప్ప."

గోపాలు మాట నిలబెట్టుకున్నాడు. ఏడుగురికే చెప్పాడు. ప్రతి ఒక్కరికీ ఎవరికీ చెప్పొద్దని కూడా చెప్పాడు. ఆ ఏడుగురు ఎవరికీ చెప్పలేదు, వాళ్ళ భార్యలకు తప్ప. భార్యను 'ఎవరు' కింద లెక్కపెట్టే అలవాటు ఆ గ్యాంగులో లేదు.

బుధవారం సాయంత్రం పిచ్చయ్య భార్య నాంచారమ్మ చీర మడత పెడుతూ, "రేపు తొలి బస్సుకు పెనుబల్లి పోతున్న. మా అక్కకు మోకాళ్ళు వాసినయట," అంది.

"ఊ."

"నువ్వేడికన్న పోతవా?"

"బ్యాంకు," అన్నాడు పిచ్చయ్య. అబద్ధం ఒక్క మాటలోనే అయిపోయినందుకు సంతోషించాడు. నాంచారమ్మ నోరు ఊళ్ళో పేరు పడ్డ నోరు. బావి దగ్గర కూత పెట్టే సైరను చెడిపోయిన రోజు ఆమెను నిలబెడితే చాలని మగవాళ్ళు అనుకునేవారు. ఆమె పెనుబల్లిలో ఉంటేనే భవానికి మంచిదని పిచ్చయ్య నిశ్చింతగా పడుకున్నాడు.

గురువారం తొమ్మిదింటికి పిచ్చయ్య ఆసుపత్రి మెట్ల దగ్గరికి చేరాడు. పది నిమిషాలకు ఒక తుఫాన్ జీపు వచ్చి ఆగింది. ఎనిమిది మంది దిగారు. ఒకరి చేతిలో అడవి పుట్టతేనె సీసా, ఇంకొకరి దగ్గర భద్రాచలం రాములవారి తలంబ్రాలు, మరొకరి దగ్గర దర్గాలో ఊదించిన తాయెత్తు. ఒకాయన కాళ్ళు కట్టిన నాటుకోడిని చంకలో పెట్టుకున్నాడు. ఇంకొకాయనకు ఏం తేవాలో తోచక డజను అరటిపండ్లు తెచ్చాడు. అవి అర శాతం కన్నా ఎక్కువ చెయ్యవని జీపులో దారంతా గొడవ జరిగిందట. గోపాలు మాత్రం వెనక సీట్లోంచి ఒక ముసలమ్మను దించాడు. ఆమె జమ్లి. ఏన్కూరు దగ్గర తండాలో నలభై ఏళ్లు పురుళ్ళు పోసిన మనిషి.

"అందరికంటె పెద్ద శాతం నాదే," అన్నాడు గోపాలు.

లోపలికి పిలిచేదాకా ఎక్కడ ఉండాలో వాళ్ళకు తెలియలేదు. అందుకని అలవాటు ప్రకారం బావి దగ్గర యూనియన్ గేటు మీటింగులో కూర్చున్నట్టు మెట్ల మీద రెండు వరుసలుగా కూర్చున్నారు. ఇద్దరి భుజాల మీద ఎర్ర తువ్వాళ్ళు ఉన్నాయి. వాచ్‌మన్ చూశాడు. ఆసుపత్రి ముందు ఎర్ర తువ్వాళ్ళతో వరుసగా కూర్చుంటే దాని అర్థం అతనికి ఒకటే తెలుసు. లోపలికి పరిగెత్తాడు.

"ధర్నా అట," అన్న మాట హాలంతా పాకింది. ఎవరిదో వైద్యం వికటించిందని ఒకరు, బొగ్గు బావి యూనియనే దిగిందని ఇంకొకరు అన్నారు. కాన్పు వార్డులో ఫ్యాన్లు తిరగడం లేదని మూడు రోజులుగా గొణుగుతున్న కుటుంబం కూడా వచ్చి మెట్ల మీద మూడో వరుస కూర్చుంది. ఒక కుర్రవాడు ఫోను పైకెత్తి వీడియో మొదలుపెట్టాడు. ఆసుపత్రి మేనేజరు మురళీకృష్ణ చల్లటి నీళ్ళ సీసాలతో బయటికి వచ్చాడు. వీళ్ళు దప్పికతో ఉన్నారు కాబట్టి తాగారు.

"పెద్దమనుషులు మీరు. ముందు మీ డిమాండేందో చెప్పండి," అన్నాడు మురళీకృష్ణ.

"డిమాండేం లేదు సారు," అన్నాడు గోపాలు. "ఎనిమిది శాతం తెచ్చినం. లోపలికి తీసుకోండి."

మురళీకృష్ణ కోడి వంక చూశాడు. కోడి అతని వంక చూసింది.

"చూడన్నా, నూటికి నూరు పని జేస్తదని ఏ ఆసుపత్రోళ్ళు రాసియ్యరు."

"నూరు సంగతి మేం జూసుకుంటం. మీ తొంభై రెండు తగ్గకుండ మీరు జూస్కోండి."

"తొంభై రెండా? ఎవరు చెప్పిన్రు?"

గోపాలు వెనక్కి తిరిగి వేలు చూపించాడు. "మా పిచ్చన్న. అబద్ధమాడే మనిషి గాదు. అసలు మాట్లాడే మనిషే గాదు."

"పేషెంటు ఎవరు?"

"భవాని. పిచ్చన్న బిడ్డ. రెండుసార్లు నిలవలే, ఇయ్యాల ఆఖరి తాప," అన్నాడు గోపాలు. బావిలో యంత్రాల మోత మధ్య మాట్లాడి అలవాటైన గొంతు అతనిది. హాల్లో అరవై మంది ఉన్నారు. అరవై మందికీ వినబడింది. పిచ్చయ్య అప్పుడు గానీ తాను చేసిన పని ఏమిటో గ్రహించలేదు. బిడ్డ అడిగింది ఒక్కటే. ఆ ఒక్కటీ వీడియోలోకి ఎక్కింది.

మురళీకృష్ణ ఆయన్ని చెయ్యి పట్టుకుని డాక్టరమ్మ గదిలోకి తీసుకుపోయాడు. లోపల ఆకుపచ్చ గౌనులో భవాని మంచం మీద కూర్చుని ఉంది. హరిప్రసాద్ కాగితాల మీద సంతకాలు పెడుతున్నాడు. మంచం పక్కన స్టూలు మీద, భవాని చెయ్యి పట్టుకుని నాంచారమ్మ ఉంది.

"పెనుబల్లి?" అన్నాడు పిచ్చయ్య.

"బ్యాంకు?" అంది నాంచారమ్మ.

భవాని ఇద్దరినీ చూడలేదు. "ఒక్క మాట అడిగిన నాన్నా నిన్ను," అంది. "బయట నా పేరు పెట్టి కేకలేస్తున్రు."

పిచ్చయ్య తల వంచుకుని జేబులోంచి కాగితం తీసి డాక్టరమ్మకు ఇచ్చాడు. అరుణశ్రీ చదివింది. అంచున పిచ్చయ్య పెన్సిలుతో వేసిన కూడిక కూడా చదివింది.

"పెద్దాయనా, మీరు బాయిల ఏం పని చేసేవారు?"

"బొగ్గు నింపుడు."

"నింపిన బొగ్గు టబ్బుకు మీ నంబరు బిళ్ళ తగిలించేవారు కదా. ఒకటే టబ్బుకు నలుగురు వచ్చి, ఇది నేనే నింపిన అని నాలుగు బిళ్ళలు తగిలిస్తే, నాలుగు టబ్బులైతయా?"

"కాదు."

"ఏమంటరు దాన్ని?"

"దొంగ లెక్క," అన్నాడు పిచ్చయ్య. ఇంక ఆమె చెప్పక్కర్లేదు. అయినా చెప్పింది. ఇవి ఒకదాని మీద ఒకటి పేర్చే శాతాలు కావని, డి విటమిన్ రక్తంలో తక్కువుంటే తానే ఇస్తానని, సూదులతో లాభముందని గట్టి రుజువు ఇంకా లేదని, ఆ మాత్రల సంగతి ఇంకా పరీక్షిస్తూనే ఉన్నారని.

"కాని ఈ టిక్కులు నావి కావు," అంది చివరికి. "ఎవరివి?"

భవాని తండ్రి కూతురే. మాటకు బదులు హ్యాండ్‌బ్యాగు జిప్పు తీసి, రెండు మాత్రల డబ్బాలు, సూదుల వైద్యం చీటీ, పేరు లేని ఒక పొడి పొట్లం మంచం మీద పెట్టింది. మీకు చెప్తే ఆపిస్తారని చెప్పలేదని ఒప్పుకుంది.

"నేను గూడ కలిపిన మేడం," అంది. "ఆ టిక్కులు నావే. కాగితం ఇచ్చిన మందుల షాపు గాక వేరే షాపులో ఇంకొకటి చెప్పిన్రు. అది గూడ కలిపితే నాకు నూట నాలుగొచ్చింది."

భవాని బీకాం చదివింది. ఆ కూడికను సరిచూసి పెట్టింది ఫిజిక్స్ చెప్పే హరిప్రసాద్. అతను కిటికీలోంచి బయట ఆగి ఉన్న అంబులెన్సును శ్రద్ధగా చూస్తున్నాడు. పిచ్చయ్యకు ఆ రోజు మొత్తంలో కాస్త ఊపిరాడింది అప్పుడే.

"ఈ పొడి తాగినవా?" అంది డాక్టరమ్మ.

"లేదు. పిండం ఎక్కించిన సాయంత్రం నుంచి తాగాలన్నరు."

అరుణశ్రీ పొట్లం విప్పి వాసన చూసి, మడిచి తన సొరుగులో పడేసి తాళం వేసింది. "ఇందుల ఏముందో అమ్మినోనికి గూడ తెల్వదు. రక్తం పల్చబడేది ఉందనుకో, ఏమైతుండె? మీ నాన్న ధర్నా చెయ్యకపోతే సాయంత్రం తాగేదానివి."

ధర్నా కాదని చెబుదామని పిచ్చయ్య నోరు తెరిచాడు. దానికి చాలా మాటలు కావలసివస్తాయని మూశాడు.

ఇంతలో బయట గోల పెరిగింది. జమ్లికి విసుగొచ్చింది. మెట్ల మీద లేచి నిలబడి కొంగు బిగించింది.

"నా చేతుల మీద ఎంతమంది పుట్టిన్రో నాకే యాది లేదు. ఒక్క కాన్పుకు గూడ ఎనిమిదిమంది మొగోళ్ళు కోడిని బట్టుకొని రాలే. పిల్ల నిమ్మళంగ ఉండాల్నా, మిమ్ముల జూసి బెదరాల్నా? లేవండి. నువ్వు గూడ లెయ్యి, ఫోను పిలగా."

ఎనిమిది మంది లేచారు. ఫ్యాన్లవాళ్ళు కూడా లేచారు. వీడియో తీసే కుర్రవాడు ఆమె ముందే తుడిపేసి చూపించాడు. ఆ రోజు వచ్చిన ఎనిమిది శాతాల్లో వైద్యానికి పనికొచ్చింది ఇదొక్కటేనని డాక్టరమ్మ నర్సుతో అంది. పదకొండింటికి భవానిని లోపలికి తీసుకుపోయారు. పది నిమిషాల్లో పని అయిపోయింది.

తిరుగు బస్సులో మొగుడూ పెళ్ళాం పక్కపక్కనే కూర్చున్నారు. వైరా దాటేదాకా నాంచారమ్మ కిటికీ వైపే చూసింది.

"ఎప్పటిసంది తెల్సు నీకు?" అన్నాడు పిచ్చయ్య, ఇక ఉండబట్టలేక.

"మొదటి తాపసంది. రెండేండ్లు. పోయిన రెండుసార్లు దాని పక్కన పండుకున్నది నేనే. పెనుబల్లి అక్కకు మోకాళ్ళు గట్టిగనే ఉన్నయి."

"మరి అమ్మకు జెప్పకన్నది?"

"నేనే దానితోని ఒట్టేయించిన. నాకు తెల్సని నీకు తెలిస్తే నన్ను అడుగుతవ్, నేను జెప్తే నువ్వు తట్టుకోలేవని. ఊళ్ళ ఏమంటరు? నాంచారమ్మ నోరు ఆగదంటరు, పిచ్చయ్య నోరు తెరవదంటరు." ఆమె మొదటిసారి ఆయన వైపు తిరిగింది. "రెండేండ్లు నేను ఒక్కరికి జెప్పలే. నువ్వు ఖమ్మంల బస్సెక్కి ఏన్కూరుదాక ఆగలే."

"తల్లాడ దాక ఆగిన," అన్నాడు పిచ్చయ్య.

ఆ తరువాత రెండు వారాలు ఆ ఇంట్లో ఆ సంగతి ఆమె ఎత్తలేదు, ఆయనా ఎత్తలేదు. ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు. అయినా ఒక్కరూ అడగలేదు. నాంచారమ్మ ఒక పూట తిరిగి ఇంటింటికీ ఏం చెప్పిందో గానీ, గోపాలు సైతం ఎదురైతే మిరప ధర తప్ప మరో మాట ఎత్తలేదు. పిచ్చయ్య కల్లంలో కాయలు తిరగేస్తూ, నూటికి నలభై అంటే ఎంతో మళ్ళీ మళ్ళీ తలుచుకునేవాడు. పదిమందిలో నలుగురు. ఆరుగురు ఇంటికి పోయి ఏడుస్తారు. పక్కన వేసి కలపడానికి ఇప్పుడు ఆయన దగ్గర ఏమీ లేదు.

పదిహేనో రోజు సాయంత్రం భవాని ఫోను చేసింది.

"నాన్నా, నిలిచింది."

పిచ్చయ్య కాయల మీదనే కూర్చుండిపోయాడు. ఆ ఘాటుకే కళ్ళు నీళ్ళు పెట్టాయని తరువాత నాంచారమ్మతో అన్నాడు.

"నీకు జెప్పొద్దన్నది అమ్మ. అయినా జెప్తున్న," అంది భవాని. "రెండుసార్లు నా బాధ నీకు తెల్వకుండ దాచినం. సంతోషం గూడ దాస్తే ఇంకేం మిగులుతది? కాని నాన్నా, మేడం మూడు నెలలదాక జాగ్రత్తన్నది. ఈసారి నిజంగ ఎవరికీ చెప్పకు."

"చెప్పను బిడ్డా," అన్నాడు పిచ్చయ్య. "ఊ" అనకపోవడం భవాని గమనించి కాస్త భయపడింది.

భయం సబబే. ఆయనకు కడుపులో మాట నిలవడం లేదు. అరవై ఎనిమిదేళ్లు పెదవి విప్పని మనిషికి గొంతు దాకా మాటలే. గోపాలు ఎదురుపడితే అంతే సంగతులు. పొద్దున్నే లేచి, నాంచారమ్మ చూడకముందే చెప్పులు వేసుకుని, తెలిసిన మొహం ఒక్కటీ లేని చోటు వెతుక్కుంటూ భద్రాచలం వైపు బస్సెక్కాడు. అడవి దారిలో ఒక ఊరి దగ్గర వారసంత జరుగుతుంటే దిగాడు. కోయగూడేల నుంచి వచ్చినవాళ్ళు వాళ్ళ భాషలో బేరాలాడుకుంటున్నారు. ఒక మూల చింతపండు కుప్ప ముందు ఒక పెద్దామె ఒక్కతే కూర్చుని ఉంది. పిచ్చయ్య ఆమె ఎదుట గొంతుక్కూర్చుని, ఆమెకు తెలుగు రాదన్న ధీమాతో, భవాని పుట్టిన రోజు నుంచి నిన్నటి ఫోను దాకా గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. ఆమె పండులోంచి గింజలు తీస్తూ, అక్కడక్కడ తలూపుతూ విన్నది. అంతా అయ్యాక ఆయన కండువాతో మొహం తుడుచుకున్నాడు. ప్రాణం తేలికపడింది.

"మూడు నెలలు దాటేదాక బస్సులల్ల తిప్పకండి పిల్లను," అంది ఆమె సాఫీ తెలుగులో.

పిచ్చయ్య కండువా మొహం మీది నుంచి తియ్యలేదు.

"నేనెవరికి జెప్ప," అంది ఆమె. "నువ్వు గూడ ఇంకెవరికి జెప్పకు, పెద్దాయనా."

పిచ్చయ్య మారు మాట్లాడకుండా ఐదు కిలోల చింతపండు కొన్నాడు.